ఇళ్లకి వెళ్లే స్టాఫ్ క్షేమంగా తిరిగి రావాలంటే ఏం చెయ్యాలి: పంపేవాళ్లకీ, వెళ్లేవాళ్లకీ

ఆశా, ఏఎన్ఎం, అంగన్‌వాడీ టీచర్, పాలియేటివ్ కేర్ నర్సు, ఎన్జీవో కౌన్సెలర్, జిల్లా బాలల సంరక్షణ యూనిట్ సోషల్ వర్కర్, ఏజెన్సీ తరఫున ముసలాళ్లని చూసుకునే కేర్‌టేకర్... వీళ్ల పని అంతా వేరేవాళ్ల గడప లోపలే. ఆస్పత్రిలో అయితే గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటాడు, పక్క టేబుల్ దగ్గర ఇంకొకళ్లు ఉంటారు, గట్టిగా అరిస్తే నలుగురు వస్తారు. ఇక్కడ చేతిలో ఉండేది ఒక సంచి, ఒక రిజిస్టరు, సగం చార్జింగ్ ఉన్న ఫోను. చాలా ఆఫీసుల్లో దీని గురించి ఇచ్చే ట్రైనింగ్ మొత్తం "జాగ్రత్తమ్మా" అనే ఒక్క మాటే.

మీ టీమ్ సేఫ్‌గా ఉందో లేదో తేల్చడానికి నన్నడిగితే ఒక్క ప్రశ్న చాలు. ఈ రోజు అయిదింటికి బయటికి రావాల్సిన మనిషి రాకపోతే, అయిదుంబావుకి ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది, తెలిసినవాళ్లు ఏం చేస్తారు? దీనికి మనిషి పేరుతో సహా జవాబు చెప్పగలిగితే మీరు చాలామంది కంటే నయం. చెప్పలేకపోతే కింద స్టెప్ 3 ముందు చదివి తర్వాత వెనక్కి రండి, తప్పేం లేదు.

స్టెప్ 1: ఇళ్లకి మార్కు పెట్టండి

ఏరియాలో ఇళ్లన్నీ ఒకలా ఉండవు. ఏ ఇంట్లో ఎవరు ఎలాంటివాళ్లో పాత ఏఎన్ఎం కి కంఠతా వచ్చు, కానీ ఆవిడకి ట్రాన్స్‌ఫర్ అయితే ఆ తెలిసిందంతా ఆవిడతోనే వెళ్లిపోతుంది, కొత్తగా వచ్చిన పిల్ల మళ్లీ అదే గుమ్మం ముందు అవే తిట్లు తింటుంది. అందుకని రిజిస్టర్లో ఇంటి నంబరు పక్కన ఒక రంగు చుక్క పెట్టండి. పచ్చ అంటే ఒక్కరే వెళ్లొచ్చు. పసుపు అంటే వెళ్లేముందు ఫోన్ చేసి, పగటిపూటే, బయట వసారాలోనే కూర్చుని మాట్లాడి రావాలి. ఎరుపు అంటే ఇద్దరు లేకుండా గేటు కూడా తియ్యకూడదు.

పసుపు ఎప్పుడు పెట్టాలి అంటే, ఊరికి దూరంగా పొలాల్లోనో చేపల చెరువు గట్టుమీదో ఉన్న ఇల్లు, సిగ్నల్ రాని చోటు, విప్పి వదిలేసే కుక్క, మగవాళ్లు మాత్రమే ఉండే ఇల్లు, ఇదివరకు ఎవరో ఒకళ్లు తాగి మాట తూలిన ఇల్లు. చెయ్యి చేసుకున్నా, తలుపు గడియ పెట్టినా, కత్తో కర్రో చూపించినా, ఆడవాళ్లతో వెకిలిగా ప్రవర్తించినా అది ఎరుపే, ఇంక దాని మీద చర్చ అనవసరం.

రాసేటప్పుడు మాత్రం జరిగింది రాయండి, మీ అభిప్రాయం రాయకండి. "మంచి కుటుంబం కాదు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు, పైగా ఆ రిజిస్టర్ రేపు ఎవరి చేతిలో పడుతుందో తెలీదు. "మార్చి 12న భర్త తాగి ఉన్నాడు, రిజిస్టర్ లాక్కున్నాడు, భార్య పక్కింటికి పంపించేసింది" అని రాస్తే వచ్చే నెల వెళ్లేవాళ్లకి అంతా అర్థమైపోతుంది. కులం, మతం, పేట పేరు చూసి రంగు వెయ్యడం అస్సలు చెయ్యొద్దు, అది జాగ్రత్త కాదు, ఆ పేటకి సర్వీసు ఎగ్గొట్టడానికి దొరికిన సాకు. ఆర్నెల్లకోసారి చుక్కలన్నీ మళ్లీ చూసుకోండి, తాగేవాడు మానేసి ఉండొచ్చు, కుక్క చచ్చిపోయి ఉండొచ్చు.

ఇంకోటి, ఇంటికి వేసిన రంగుతో పాటు ఆ రోజు ఏ పనిమీద వెళ్తున్నారో కూడా చూడాలి. టీకా వెయ్యడానికి వెళ్తే టీ ఇచ్చే ఇల్లే, పదో తరగతి పిల్లకి పెళ్లి చేస్తున్నారంట కదా అని అడగడానికి వెళ్తే ముఖం మారిపోతుంది. బాల్యవివాహం, పిల్లల్ని కొడుతున్నారన్న కంప్లైంటు, మొగుడూపెళ్లాల కొట్లాట, పెన్షనో స్కీమో ఆగిపోయిందని చెప్పాల్సి రావడం, ఇలాంటి పని మీద వెళ్తుంటే పచ్చ చుక్క ఇల్లైనా ఆ రోజుకి ఎరుపే. రాజస్థాన్ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా (ఊరి స్థాయి కార్యకర్తగా) పనిచేసిన భన్వరీ దేవి మీద 1992లో సామూహిక అత్యాచారం జరిగింది ఇలాంటి పని చేసినందుకే, ఒక పసిపిల్ల పెళ్లి ఆపబోయినందుకే. ఆ తర్వాతే 1997లో సుప్రీంకోర్టు విశాఖ మార్గదర్శకాలు, వాటి మీద 2013లో పని చోట లైంగిక వేధింపుల చట్టం వచ్చాయి. ఏసీ ఆఫీసుల్లో బోర్డుల మీద కనపడే ఆ చట్టం వెనకున్నది మీలా ఊళ్లో ఇంటింటికీ తిరిగిన ఒక ఫీల్డ్ వర్కర్ అన్నమాట, అందుకే దాని గురించి కింద కొంచెం వివరంగా రాస్తాను.

స్టెప్ 2: టైమ్ చూసుకోండి, ముందు ఫోన్ చెయ్యండి

పల్లెటూళ్లో పొద్దున ఎనిమిదికల్లా అందరూ పనుల్లోకి వెళ్లిపోతారు, మళ్లీ సాయంత్రానికి గానీ ఇంట్లో మనిషి దొరకరు, ఆఫీసేమో పది నుంచి అయిదు అంటుంది. అందుకని వర్కర్లు చీకటి పడేదాకా తిరుగుతారు, ఎందుకంటే టార్గెట్ పూర్తి కావాలి. దీనికి నాకు తెలిసిన మార్గం పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా ఒక రౌండు పెట్టుకుని ఆ గంటల్ని డ్యూటీగా లెక్కెయ్యడం. ఇది వర్కర్ చేతిలో ఉండదు, సూపర్‌వైజర్ ఒప్పుకోవాలి. సాయంత్రమే వెళ్లక తప్పని ఇల్లు అయితే ఇద్దరు.

వాయిదా వెయ్యలేని విజిట్లు ఉంటాయి, కాదనను. ఆస్పత్రిలో కాన్పయిన బిడ్డని ఆశా ఇంటికెళ్లి 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో చూడాలి, ఆ మూడో రోజు ఆదివారమైనా వాన అయినా చూడాల్సిందే. కానీ రోజు మార్చలేకపోయినా గంట మార్చొచ్చు కదా. జాతర రోజు మధ్యాహ్నం తర్వాత, సంక్రాంతికి కోడిపందేల బరి పక్కన ఉన్న వీధికి, ఎలక్షన్ ముందు రెండ్రోజులు డబ్బులు పంచే టైమ్‌లో పనిగట్టుకుని వెళ్లకండి. మందు ఎక్కువ తిరిగే రోజులు ఏవో మీ ఊళ్లో మీకే తెలుస్తాయి.

ముందు ఫోన్ చేసినప్పుడు మూడు అడగండి: ఇంట్లో ఎవరెవరు ఉంటారు, కుక్క ఉంటే కట్టేస్తారా, బండి ఎక్కడిదాకా వస్తుంది. ఆడవాళ్లు ఉంటామన్న ఇంటికి వెళ్లాక "ఆవిడ బయటికెళ్లిందండి, వచ్చేస్తుంది, లోపల కూర్చోండి" అన్నారనుకోండి, "పక్కింట్లో పని ఉంది, ఆవిడ వచ్చాక పిలవండి" అని అక్కడినుంచే తిరిగిపోండి. సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని లేదు.

స్టెప్ 3: ఎక్కడున్నారో ఒకళ్లకి తెలిసి ఉండాలి

అన్నిట్లోకీ ముఖ్యమైంది ఇదే, ఖర్చు లేనిదీ ఇదే, అయినా ఎక్కువమంది చెయ్యనిదీ ఇదే.

ప్రతి వర్కర్‌కీ ఆ రోజుకి ఒక జోడీ మనిషిని పెట్టండి. గ్రూప్ వద్దు, ఒక మనిషి. యాభైమంది ఉన్న వాట్సాప్ గ్రూప్‌లో "బయల్దేరాను" అని పెడితే గుడ్ మార్నింగ్ పూల బొమ్మల మధ్య అది కొట్టుకుపోతుంది, చూసినవాళ్లు కూడా ఇంకెవరో పట్టించుకుంటారులే అనుకుంటారు. జోడీ మనిషి ఆ రోజు ఫీల్డ్‌కి వెళ్లని వాళ్లయితే మంచిది, సబ్‌సెంటర్‌లోనో ఆఫీసులోనో ఉండి ఫోను దగ్గర పెట్టుకునేవాళ్లు.

మెసేజ్ ఇలా ఉంటే చాలు: "రామాలయం వెనక వీధి, 4 ఇళ్లు. ఆఖరిది బోరింగు దగ్గర డాబా, పసుపు. 3.10కి మొదలు, 5.00కి బయట." అయిపోయాక "బయటికొచ్చేశా" అని ఒక మాట. పసుపు, ఎరుపు ఇళ్లకి మాత్రం లోపలికి వెళ్లేముందు ఒకటి, బయటికి రాగానే ఒకటి, ఏ ఇంటికి ఆ ఇంటికి విడిగా పెట్టాలి. ఇంటివాళ్ల పేర్లు, జబ్బుల పేర్లు మెసేజ్‌లో వద్దు, గుర్తులు చాలు.

వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు రకాలుగా పెట్టుకోవచ్చు. గంటది పెట్టుకుని మళ్లీ మళ్లీ పొడిగించుకోండి, 8 గంటలది పెడితే బ్యాటరీ మధ్యాహ్నానికే దిగిపోతుంది. పైగా సాయంత్రం ఇంటికెళ్లాక కూడా ఆఫీసువాళ్లకి మనం ఎక్కడున్నామో కనపడటం ఎవరికీ ఇష్టం ఉండదు, అది న్యాయమే. పాడేరు వైపో ఏటూరునాగారం వైపో సిగ్నల్ లేని గూడేలకి వెళ్లేవాళ్లకి ఈ లొకేషన్ గొడవ పనికిరాదు, అక్కడ టైమే దిక్కు. సిగ్నల్ ఆఖరుగా దొరికే చోట ఆగి "ఇప్పుడు లోపలికి పోతున్నా, రెండింటికల్లా మళ్లీ ఇక్కడికొచ్చి ఫోన్ చేస్తా" అని చెప్పి వెళ్లాలి.

టైమ్ దాటితే ఏం చెయ్యాలో ముందే రాసి గోడకి అంటించండి, ఆ టైమ్‌లో ఆలోచిస్తూ కూర్చుంటే అరగంట పోతుంది. మేము పెట్టుకున్నది ఇది, మీకు తగ్గట్టు మార్చుకోండి. చెప్పిన టైమ్‌కి 15 నిమిషాలు దాటితే జోడీ మనిషి ఫోన్ చేస్తారు. ఎత్తకపోతే అయిదు నిమిషాలాగి మళ్లీ. అప్పటికీ ఎత్తకపోతే ఆ వీధిలో తెలిసినవాళ్లకి, అంగన్‌వాడీ ఆయాకో ఎదురింటి కిరాణా కొట్టుకో, ఫోన్ చేసి బండి ఉందేమో చూడమంటారు. అరగంట దాటితే సూపర్‌వైజర్‌కి చెప్తారు, ఇద్దరు మనుషులు బయల్దేరతారు. ఎరుపు ఇల్లు అయితే ఈ మెట్లేమీ లేవు, మొదటి ఫోన్ ఎత్తకపోతే నేరుగా 112. "తీరా పోలీసులొచ్చాక ఆవిడ టీ తాగుతూ కనపడితే పరువు పోదూ" అని ఎవరో ఒకరు అంటారు, పోనివ్వండి.

ఒక కోడ్ మాట కూడా అనుకోండి. ఎదురుగా మనిషి ఉన్నప్పుడు "నన్ను బెదిరిస్తున్నారు" అని ఫోన్లో చెప్పలేం కదా. "ఆ నీలం రిజిస్టర్ నా టేబుల్ మీదే మర్చిపోయానా?" అని అడిగితే అవతలివాళ్లకి అర్థం కావాలి, ఇక్కడ బాగాలేదు, నన్ను వెంటనే వచ్చెయ్యమని చెప్పి పిలువు అని. అవతలివాళ్లు గట్టిగా, పక్కన ఉన్నవాళ్లకి కూడా వినపడేలా "మేడమ్ వచ్చారు, రిజిస్టర్ అడుగుతున్నారు, ఉన్నపళంగా రా" అనాలి. లేచి రావడానికి ఒక సాకు దొరికినట్టే. "నీలం రిజిస్టర్ తెచ్చావా, లేక ఎర్రదా?" అని జోడీ మనిషి అడిగితే "ఎర్రది" అనే జవాబుకి పోలీస్ కావాలని అర్థం. నవ్వొస్తుంది కానీ రెండుసార్లు ప్రాక్టీస్ చేయిస్తే చాలు, అవసరమైనప్పుడు నోటికి దానంతటదే వస్తుంది.

స్టెప్ 4: సంచీ, ఫోనూ, ఒంటి మీదవీ

ఫోన్లో చూపుడు వేలు నొక్కి లాక్ తీసి, కాంటాక్ట్ వెతికి, కాల్ బటన్ నొక్కే టైమ్ ఉండదు. ఇప్పుడొచ్చే చాలా స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్ అయిదుసార్లు గబగబా నొక్కితే ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ మొదలవుతుంది, సెట్టింగ్స్‌లో వెతికి మీ జోడీ మనిషి నంబరు అందులో పెట్టండి, ముందు ఒకసారి ఏం జరుగుతుందో చదువుకోండి లేకపోతే బ్యాగులో నొక్కుకుపోయి 112కి కాల్ వెళ్లిపోద్ది. కీప్యాడ్ ఫోన్ వాడేవాళ్లకి, 2017 తర్వాత అమ్మినవాటిలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే ఎమర్జెన్సీ కాల్ వెళ్లాలని కేంద్రం రూలు పెట్టింది, మీ ఫోన్లో ఏది పనిచేస్తుందో చూసుకోండి. 112 మామూలుగా డయల్ చేసినా వస్తుంది, ఆడవాళ్లకి 181, పిల్లల గురించి అయితే 1098. ఇవి ఫోన్లో ఉంటే చాలదు, ఐడీ కార్డు వెనక పెన్నుతో రాసి పెట్టుకోండి.

మెళ్లో గొలుసు ఇంట్లో పెట్టి వెళ్లండి, పుస్తెలతాడు తియ్యలేం అనేవాళ్లు దాన్ని జాకెట్ లోపలికి వేసుకోండి. ఐడీ కార్డు తాడు లాగితే ఊడిపోయే రకం ఉంటే మంచిది, లేకపోతే పిన్నుతో పెట్టుకోండి, ఎవరైనా పట్టుకుని లాగితే మెడకి బిగుసుకోకూడదు. డబ్బులు సంచీలో వద్దు. నీళ్ల సీసా, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టార్చి, పవర్ బ్యాంక్. గొడుగు ఎండకీ వానకీ ఎటూ కావాలి, కుక్క మీదికొస్తే ఫట్‌మని తెరిచి అడ్డం పెట్టడానికి అంతకంటే మంచి వస్తువు నేను చూళ్లేదు. బండి మీద వెళ్లేవాళ్లు హెల్మెట్ పెట్టుకోండి, ఇళ్లల్లో జరిగేవాటి గురించి ఇంత మాట్లాడుకుని దారిలో ప్రాణం పోగొట్టుకుంటే ఏం లాభం.

స్టెప్ 5: గుమ్మం దగ్గర

బండిని తిప్పి, వెళ్లే దిక్కుకి ముఖం పెట్టి ఆపండి. తాళం సంచీలో వెయ్యకండి, జేబులోనో నడుం దగ్గరో ఉండాలి. గేటు బయటినుంచే పిలవండి, "అమ్మా, ఎవరున్నారండీ, సబ్‌సెంటర్ నుంచి వచ్చాను" అని వీధికంతా వినపడేలా. దీనివల్ల రెండు పనులవుతాయి, కుక్క ఉంటే బయటపడుతుంది, పక్కింటివాళ్లకి మీరు వచ్చినట్టు తెలుస్తుంది.

చెప్పుల సంగతి. ఇంగ్లీషు గైడుల్లో దీని గురించి ఒక్క ముక్క ఉండదు, వాళ్లు బూట్లతోనే లోపలికి పోతారు కాబట్టి. మనం గుమ్మం బయట విప్పక తప్పదు. అందుకే బకిల్సూ స్ట్రాప్సూ ఉన్నవి కాకుండా కాలు దూరిస్తే ఎక్కేసేవి వేసుకోండి, విప్పేటప్పుడు వీధివైపు తిప్పి, మెట్టు పక్కన విప్పండి. పరిగెత్తాల్సి వస్తే చెప్పులు, సంచి, రిజిస్టరు, బీపీ మెషీను అన్నీ అక్కడే వదిలెయ్యండి. మెషీను పోతే మీ జీతంలో కొయ్యరని సూపర్‌వైజర్ ముందే నోటితో చెప్పి ఉండాలి, ఎందుకంటే కోస్తారన్న భయంతోనే చాలామంది సంచికోసం వెనక్కి వెళ్తారు.

కూర్చునేది అరుగు మీదో వసారాలోనో. లోపలే అంటే తలుపుకి దగ్గరగా, తలుపుకీ మీకూ మధ్య ఎవరూ లేకుండా కుర్చీ జరుపుకోండి. తలుపు వెయ్యబోతే "ఉండనివ్వండమ్మా, వెలుతురు లేకపోతే బీపీ రీడింగ్ కనపడదు" అనండి, ఎవరూ ఏమనుకోరు. మంచం పట్టిన పేషెంట్ అయితే లోపలి గదిలోకి వెళ్లాలి, పుండు కడగాలి, పైపు మార్చాలి, అప్పుడు ఇంట్లో ఆడమనిషిని ఒకరిని "కొంచెం ఈ గిన్నె పట్టుకోండి" అని పని చెప్పి పక్కన నిలబెట్టుకోండి. వంటింట్లో మాటలు పెట్టుకోకండి, గొడవ మొదలైతే కత్తి, వేడి నూనె, రోకలి అన్నీ అక్కడే ఉంటాయి.

టీ, మంచినీళ్ల విషయం కొంచెం సున్నితం. తెలియని ఇంట్లో ఏమీ తాగొద్దని ట్రైనింగుల్లో చెప్తారు, సరే. కానీ ఒక పేటలో తాగి ఇంకో పేటలో "వద్దండి" అంటే దానికి అర్థం ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ ఇంటి తలుపు మీకు మళ్లీ మనస్ఫూర్తిగా తెరుచుకోదు. రూలు పెట్టుకుంటే ఊరంతటికీ ఒకటే పెట్టుకోండి: ఎక్కడా తాగను, నా సీసా నాకుంది. లేదా అందరి దగ్గరా తాగుతాను.

స్టెప్ 6: గొంతులు లేస్తే

ఇళ్లల్లో కోపాలు చాలావరకు మీ మీద కాదు. రేషన్ కార్డులో పేరు తీసేశారు, పెన్షన్ ఆగింది, ఆస్పత్రిలో ఎవరో కసిరారు, ఆ కోపం అంతా ప్రభుత్వం తరఫున గుమ్మం తొక్కిన మొదటి మనిషి మీద పడుతుంది. అక్కడ రూల్స్ వివరించడం మొదలుపెడితే మంట ఇంకా లేస్తుంది. నోట్‌బుక్ తీసి "చెప్పన్నా, రాసుకుంటాను" అనండి, నిజంగానే రాయండి. రాస్తున్నప్పుడు అవతలి మనిషి ఆగి ఆగి మాట్లాడాల్సి వస్తుంది, స్పీడు తగ్గుతుంది. "ఇది నా చేతిలో లేదు, మా సార్‌తో మాట్లాడి రేపు ఫోన్ చేస్తాను" అని చెప్పి లేవండి. చెయ్యలేనిది చేస్తానని మాత్రం చెప్పొద్దు, వచ్చేసారి వెళ్లాల్సింది మళ్లీ మీరే.

వేలు చూపించి మాట్లాడకండి, ముఖం మీద ఫోన్ పెట్టి వీడియో తియ్యకండి, "మీ మీద కేసు పెడతా" అనకండి. కేసు పెట్టేది బయటికొచ్చాక. తాగి ఉన్న మనిషితో వాదన అసలే వద్దు, వరస కలిపి "సరే బాబాయ్, మళ్లొస్తా" అని వెనక్కి తిరక్కుండా రెండడుగులు వేసి తర్వాత నడవండి. మానసికంగా బాగాలేని మనిషి అరుస్తుంటే దూరంగా, చేతులు కనపడేలా నిలబడి, ఒక్కళ్లే మెల్లగా మాట్లాడండి, ఇంటిల్లిపాదీ ఒకేసారి అరవొద్దని చెప్పండి. ఆ కుటుంబానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరు ఇచ్చి రండి.

మీరు ఉన్నప్పుడే మొగుడు పెళ్లాన్ని కొట్టడం మొదలుపెడితే మధ్యలోకి దూరాలనిపిస్తుంది. దూరకండి. బయటికొచ్చి గట్టిగా కేకెయ్యండి, పక్కవాళ్లని పిలవండి, 112 చెయ్యండి. మధ్యలో దూరితే దెబ్బలు తినేవాళ్లు ఇద్దరవుతారు, ఫోన్ చేసే మనిషి ఉండరు.

స్టెప్ 7: కుక్కలు, ఎండ, వాగులు, సూదులు

నిజం చెప్పాలంటే ఫీల్డ్‌లో ఎక్కువమందిని భయపెట్టేది మనుషులు కాదు, కుక్కలు. పరిగెత్తకండి, కళ్లలోకి చూడకండి, సంచో గొడుగో అడ్డం పెట్టుకుని మెల్లగా వెనక్కి జరగండి. కరిస్తే, గీరినా సరే, వెంటనే సబ్బు పెట్టి పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి, పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. రేబిస్ టీకా పీహెచ్‌సీలో చర్మం పొరలోకి వేస్తే 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు డోసులు. రక్తం వచ్చేలా కరిస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్ యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా వెయ్యాలి, అది అడిగి వేయించుకోండి, అక్కడ లేకపోతే పెద్దాస్పత్రికి పంపమనండి. ఊళ్లో అందరికీ టీకాల డేట్లు గుర్తుచేసే మన వర్కర్లే సొంత డోసులు మధ్యలో వదిలేస్తారు, ఆ డేట్లు సూపర్‌వైజర్ క్యాలెండర్లో రాసి పెట్టుకోవాలి.

మే నెలలో పదకొండు తర్వాత మూడున్నర దాకా ఫీల్డ్ వద్దు. వాగు పొంగుతుంటే మోకాలి లోతే కదా అని దిగొద్దు, అవతల గర్భిణి ఉంటే ఒడ్డునుంచే 108కి, మీ మెడికల్ ఆఫీసర్‌కి చెప్పండి.

టీబీ పేషెంట్ ఇంట్లో మాటలు ఆరుబయట, మీకు ఎన్95, ఆయనకి మామూలు మాస్కు. సూది గుచ్చుకుంటే రక్తం పిండకండి, సబ్బుతో కడిగి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి, హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. వాడిన సూదికి మూత మళ్లీ పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మానెయ్యండి.

స్టెప్ 8: 12 గంటలు, 24 గంటలు ఇంట్లోనే ఉండే కేర్‌టేకర్లు

హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌లలో పిల్లలు అమెరికాలో ఉండి ఇక్కడ అమ్మానాన్నలకి ఏజెన్సీ ద్వారా మనిషిని పెట్టడం మామూలైపోయింది. ఈ అమ్మాయిల పరిస్థితి వేరు, వాళ్లు వెళ్లొచ్చేది కాదు, ఉండేది. మనిషిని పెట్టకముందే ఏజెన్సీవాళ్లు ఒకసారి ఇల్లు చూసి రావాలి. పడుకునే చోటు ఎక్కడ, లోపలినుంచి గడియ పడుతుందా, బాత్రూమ్ ఏది, సీసీ కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయి, రాత్రి ఇంట్లో ఇంకెవరు ఉంటారు, వారానికి సెలవు ఏ రోజు. హాల్లో కెమెరా ఉంటే ఉండనివ్వండి, పడుకునే చోట ఉంటే మనిషిని పంపొద్దు.

వీళ్లకి ఎక్కువగా వచ్చే తంటా దొంగతనం నింద. మొదటి రోజే బీరువా తాళాలు, నగలు, ఏటీఎం కార్డు నా బాధ్యత కాదు అని కాగితం మీద ఇద్దరి సంతకాలతో రాయించుకోండి. సరుకులకి డబ్బులిస్తే చిట్టా రాసి ఫోటో తీసి పిల్లలకి వాట్సాప్ చెయ్యండి. డిమెన్షియా ఉన్న పెద్దాయన స్నానం చేయించేటప్పుడు చెయ్యి వేస్తే అది జబ్బువల్ల కూడా కావొచ్చు, కానీ జబ్బే కదా అని భరించమని చెప్పే హక్కు ఏజెన్సీకి లేదు. ఆ పనికి మగ అటెండర్‌ని పెట్టాలి. ఆధార్ కార్డు ఒరిజినల్ ఎవరికీ ఇవ్వొద్దు, కాపీ చాలు. ఏజెన్సీ వాళ్లు వారానికోసారి ఫోన్ చేసి ఆ అమ్మాయితో విడిగా, ఇంటివాళ్లు వినకుండా మాట్లాడాలి.

స్టెప్ 9: ఏదైనా జరిగితే

ముందు మనిషి. ఆస్పత్రి, నీళ్లు, ఇంటికి దింపడం. "ఒక్కదానివే ఎందుకెళ్లావ్?" అనే ప్రశ్న ఆ రోజు ఎవరి నోట్లోంచీ రాకూడదు. ఒక్కసారి ఈ మాట విన్న వర్కర్ రెండోసారి ఏం జరిగినా చెప్పదు, మీ రిజిస్టర్లో చుక్కలన్నీ పచ్చగానే ఉంటాయి.

అదే రోజు, జ్ఞాపకం ఉండగానే రాసి పెట్టండి: టైమ్, చోటు, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు (బూతులతో సహా), చూసినవాళ్లెవరు, చిరిగిన బట్టలు ఉతక్కుండా కవర్లో. గాయం ఉంటే మెడికో లీగల్ కేసుగా (పోలీసులకి తెలియజేసే కేసుగా) రాయమని డాక్టర్‌కి చెప్పండి. పోలీస్ స్టేషన్‌కి వర్కర్‌తో పాటు సూపర్‌వైజర్ వెళ్లాలి, ఇంట్లోవాళ్లని తోడిచ్చి పంపితే సరిపోదు. మా పరిధి కాదంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, ఏ స్టేషన్లోనైనా రాయాలి.

2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. కొడితే సెక్షన్ 115, దారికి అడ్డం పడి ఆపితే 126, గదిలో పెట్టి తలుపేస్తే 127, బెదిరిస్తే 351. ఆడవాళ్ల మీద చెయ్యి వేస్తే 74, లైంగిక వేధింపు 75, వెంటపడితే 78, అసభ్యంగా మాట్లాడితే 79. డ్యూటీలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి మీద దాడి అయితే 132 ఉంది. ఆశా, ఎన్జీవో వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులా కాదా అని స్టేషన్లో వాదన పెట్టొచ్చు, దాని మీద ఆగిపోకుండా మిగతా సెక్షన్ల కింద రాయించుకోండి.

2013 చట్టం విషయానికొస్తే, పని మీద వెళ్లిన ఏ చోటైనా అందులో పని స్థలమే, ఇల్లు కూడా. జీతం ఉన్నా లేకపోయినా, వాలంటరీగా చేస్తున్నా ఉద్యోగి కిందే లెక్క, కాబట్టి "ఆశాలు ఉద్యోగులు కాదు కదమ్మా" అనే మాట ఇక్కడ చెల్లదు. పనిలో తారసపడే బయటి మనుషుల నుంచి కూడా రక్షణ ఇవ్వడం, బాధితురాలు కోరితే పోలీస్ కంప్లైంట్‌కి సాయం చెయ్యడం యజమాని బాధ్యత అని అందులోనే రాసుంది. పదిమంది, ఆపైన ఉన్నచోట అంతర్గత కమిటీ ఉండాలి, అంతకంటే తక్కువ ఉంటే జిల్లాలో స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. వేధించింది ఇంటివాళ్లు కాకుండా ఆఫీసులో పైవాడే అయినా ఇదే దారి, అది జరగదని ఎవరూ అనుకోవట్లేదుగా.

తర్వాత ఆ ఇంటికి సర్వీసు ఆపొద్దు, పద్ధతి మార్చండి. బిడ్డకి టీకా సబ్‌సెంటర్‌లో, లేదా ఇద్దరు, లేదా వేరే వర్కర్. ఆ నెల ఆ వర్కర్ టార్గెట్ తగ్గించి కాగితం మీద రాసివ్వండి, నోటిమాటగా "పర్లేదులే" అంటే రివ్యూ మీటింగ్‌లో ఆవిడే నిలబడాల్సి వస్తుంది.

స్టెప్ 10: పనిచేస్తుందో లేదో టెస్ట్ చెయ్యండి

మూడు నెలలకోసారి, ముందు చెప్పకుండా, ఒక వర్కర్‌ని పక్కకి పిలిచి "ఈ రోజు బయటికొచ్చేశా మెసేజ్ పెట్టకు, ఫోన్ వస్తే ఎత్తకు, సబ్‌సెంటర్ వెనక గదిలో కూర్చో" అనండి. గడియారం చూసుకోండి. జోడీ మనిషి 15 నిమిషాలకి ఫోన్ చేశారా, కిరాణా కొట్టు నంబరు వాళ్ల దగ్గర ఉందా, అరగంటకి మీకు చెప్పారా. 112కి చెయ్యబోయే లోపు ఆపండి, అంతే. ఎవరూ కదల్లేదంటే తిట్టకండి, ఆ జోడీ మనిషికి ఆ టైమ్‌లో ఇంకే పని అప్పజెప్పి ఉన్నారో కనుక్కోండి, సాధారణంగా ఓపీ దగ్గరో ఆన్‌లైన్ ఎంట్రీల దగ్గరో కూర్చోబెట్టి ఉంటారు. ఆ పని తీసెయ్యండి, లేదా జోడీ మనిషిని మార్చండి, వచ్చే వారం మళ్లీ పెట్టండి.